అనంతగిరి ట్రెయిల్ రన్: అనుమతి, దారి గుర్తులు, విరాళాల లెక్క

నమస్కారం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో 10 కిలోమీటర్ల ట్రెయిల్ రన్ (కొండ, అడవి బాటల మీద పరుగు) జరిపి, ప్రవేశ రుసుము, విరాళాల్లో మిగిలిన సొమ్మును ఊరి పాఠశాలకు ఇవ్వాలనుకున్నామని, పోస్టర్లు వేశాక అటవీ సిబ్బంది అభ్యంతరం చెప్పారని మీరు రాశారు. అక్కడ రిజర్వు అడవి ఉంది కనుక, 1967 నాటి అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అందులోకి వెళ్లడమే నేరమవుతుంది. అందువల్ల దారి పటం, పాల్గొనేవారి సంఖ్య, సమయం, చెత్త తొలగించే ఏర్పాటు చూపుతూ జిల్లా అటవీ అధికారికి దరఖాస్తు ఇవ్వండి, పోలీసులకు విడిగా తెలపండి. అనుమతి ఆలస్యమైతే, రైతుల ఒప్పుకోలుతో కొండ దిగువన పొలం గట్లు, బండ్ల బాటల మీదుగా దారి మార్చుకోవడం మేలు.

దారి గుర్తుల విషయంలో నేనొకసారి దెబ్బతిన్నాను. ముందురోజు సాయంత్రం వేసిన ముగ్గు గీతలు రాత్రి వానకు కొట్టుకుపోవడంతో, బాట చీలే చోట పాతికమంది చెరువు వైపు వెళ్లిపోయారు. ఎర్రగుడ్డ పేలికలను భుజమెత్తున కొమ్మలకు కట్టి, ప్రతి చీలిక దగ్గరా ఒక మనిషిని నిలబెట్టి, తెల్లవారుజామున ఒకరిని దారంతా నడిపించి చూడండి. అందరికంటే వెనక వచ్చే ఇద్దరు కార్యకర్తలు ఆ పేలికలను విప్పుకొస్తారు. బయలుదేరినవారి నంబర్లు, చేరినవారి నంబర్లు సరిపోయేవరకు అంబులెన్సును పంపించకండి.

ఇక ప్రవేశ రుసుము విరాళం కాదు; దానికి బదులుగా టీషర్టు, ఫలహారం ఇస్తున్నారు కదా. విరాళాలకు వేరే రసీదు పుస్తకం పెట్టి, జమాఖర్చుల పట్టికను పాఠశాల గోడకు అంటించండి.