పితృదేవో భవ అనా, నాన్నా అనా?

సందేహం: మా నాన్నగారి గుర్తుగా చేతి మీద తెలుగులో టాటూ వేయించుకోవాలనుకుంటున్నాను. ‘పితృదేవోభవ’ అనుకున్నాను. కానీ ‘పిత్రుదేవోభవ’, ‘పితృ దేవో భవః’ అని కూడా కనిపిస్తున్నాయి. ఏది సరైనది? ఒక్క మాటే చాలనుకుంటే ‘నాన్న’ అనాలా, ‘నాన్నా’ అనాలా?

సమాధానం: ‘పితృదేవో భవ’ సరైన రూపం. కలిపి రాసినా తప్పు కాదు. ‘పితృ’ను మాత్రం విడిగా రాయకూడదు, ‘పితృదేవ’ ఒకే సమాసం. మనం ఋకారాన్ని ‘రు’ అని పలుకుతాం కాబట్టి ‘పిత్రు’ అని రాసేస్తున్నారు. అక్కడ ఉండాల్సింది వట్రుసుడి. ఇక ‘భవః’ చివర ఉన్న విసర్గ (రెండు సున్నల గుర్తు) పూర్తిగా అనవసరం. అసలు విసర్గ ‘పితృదేవః’లో ఉంది, దాని తర్వాత ‘భ’ రావడంతో అది ఓకారంగా మారి ‘దేవో’ అయింది. ‘భవ’ క్రియాపదం, ‘అవు’ అని అర్థం. దానికి విసర్గ రాదు.

ఈ వాక్యం తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిది. చదువు ముగించిన శిష్యుడికి గురువు చెప్పే మాట. చాలామంది ‘తండ్రి దేవుడు’ అని అర్థం చెప్పుకుంటారు. నిజానికి ‘పితృదేవః’ బహువ్రీహి సమాసం: ఎవరికి తండ్రి దైవమో అతడు. ‘తండ్రిని దైవంగా తలచేవాడివి కా’ అని బిడ్డకు చెప్పే ఆదేశమిది. అంటే ఆ అక్షరాలు మీ నాన్నగారిని వర్ణించవు, మీకే కర్తవ్యం చెబుతాయి. మీకు కావలసింది అదే అయితే నిశ్చింతగా వేయించుకోండి.

నన్నడిగితే, ఆయన్ను మీరు పిలిచిన పిలుపే మేలు. ‘నాన్న’ అంటే ఆయన్ను చెప్పడం, ‘నాన్నా’ అంటే ఆయన్ను పిలవడం. సంబోధనలో చివరి అచ్చు దీర్ఘమవుతుంది, అంతే తేడా. రెండూ ఒప్పే. ‘నాన్నగారు’ అనే పిలిచేవారైతే ఒకే మాటగా కలిపి రాయించండి. నాయనా, అయ్యా, బాపూ అని పిలిచినవాళ్లు టాటూ కోసం దాన్ని ‘నాన్న’గా మార్చుకోనక్కర్లేదు. అవి ఏ విధంగానూ తక్కువ మాటలు కావు. ఆయన చేతిరాతలో ‘ఇట్లు, నాన్న’ అన్న పాత ఉత్తరం ఏదైనా ఉంటే ఇంకా మంచిది, ఆ అక్షరాలనే అచ్చంగా దింపించుకోవచ్చు. అందులో అక్షరదోషం ఉన్నా దయచేసి దిద్దకండి. అక్కడ వ్యాకరణానికి పని లేదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెలుగు వత్తులను సరిగా కలపవు. ‘నాన్న’ కాస్తా పొల్లు తేలి ‘నాన్‌న’ అవుతుంది, ‘అమ్మ’ ‘అమ్‌మ’ అవుతుంది. టాటూ వేసేవారికి తెలుగు రాకపోతే అక్షరం వారికి ఒక బొమ్మ మాత్రమే, తప్పు పట్టలేరు. కాబట్టి స్టెన్సిల్ చర్మం మీద అతికించాక, సూది పెట్టకముందే మీరు చదవండి, తెలుగు బాగా వచ్చిన మరొకరితోనూ చదివించండి. అక్షరాలు మరీ చిన్నవిగా వేయించుకోవద్దు. ఏళ్లు గడిచేకొద్దీ చర్మంలో సిరా కొంత పరుచుకుంటుంది. అప్పుడు ముందుగా పూడుకుపోయేవి వట్రుసుడి, ‘న’ వత్తు, ‘భ’ కింది గీత వంటి సన్నని భాగాలే. ‘పితృదేవో భవ’లో అలాంటివి ఎక్కువ, ‘నాన్న’లో ఒక్క వత్తే.