ముందే వేసిన ఎత్తా, తర్వాత వేసిన అతుకా?

ప్రశ్న: జపాన్ కామిక్ ‘డ్రాగన్ బాల్’లో భవిష్యత్తు నుంచి వచ్చిన ట్రంక్స్ అనే కుర్రాడు, 19వ నంబరు మరమనిషి తలను చూసి వీడెవడో తెలియదంటాడు. దాని రచయిత, చిత్రకారుడు తొరియామా దీన్ని ముందే అనుకున్నాడని తమ్ముడు, కాదని నేను. తీర్పు చెప్పండి.

జవాబు: గెలుపు మీదే. పాత ఎడిటర్ తొరిషిమా ఫోను చేసి, ప్రతినాయకులు ఒక ముసలివాడు (20వ నంబరు), ఒక బొద్దువాడు (19వ నంబరు) ఏమిటని సణిగాడు. అందుకే ట్రంక్స్‌కు తెలిసిన అసలు మరమనుషులుగా 17, 18 నంబర్లవాళ్లు పుట్టుకొచ్చారు. వాళ్లు మరీ కుర్రకారులా ఉన్నారంటే సెల్ అనే మరో ప్రతినాయకుడు దిగాడు. వారం వారం పేజీలు నింపేవాడి తంటాలు అవి. సూపర్ సయాన్ (బలం పెరిగినప్పుడు హీరో దాల్చే రూపం) జుట్టును తెల్లగా వదిలేసింది కూడా సిరా పూసే శ్రమ తప్పుతుందనే. పాపం, లాంచ్ అనే అమ్మాయి పాత్రనైతే పూర్తిగా మరిచిపోయానని ఆయనే ఒప్పుకున్నాడు!

అలాగని తమ్ముణ్ణి మరీ ఏడిపించకండి. ఫోను సంగతి తెలిశాక కూడా ఆ పేజీ దగ్గర నాకు ఒళ్లు జలదరిస్తుంది.