అద్దానికి అతుక్కున్న 3/15

ప్రశ్న: కుండ, రెండు సీతాఫలాలు ఉన్న స్టిల్ లైఫ్ ఫోటో ప్రింటు కొన్నాను. 15 కాపీల ఎడిషన్‌లో నాది 3/15, కాటన్ కాగితం. ఊళ్లోనే ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించాను. ఎండాకాలం పోయేసరికి కాగితం అలలు తేలి, ఒకచోట రూపాయి బిళ్లంత అద్దానికి అతుక్కుంది. ప్రింటు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ప్రింటును అనకండి, తప్పు ఫ్రేముదే. వెనక హార్డ్‌బోర్డు పెట్టి, నాలుగంచులా టేపు వేసి బిగించి ఉంటారు. కాటన్ కాగితం తేమ పీలిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మే నెలలో మీ ఊరి గాలి ఎండుగాలి. కూలర్ వేస్తే గదంతా చెమ్మ, ఆపితే మళ్లీ ఎండు. సాగడానికి చోటు లేని కాగితం మధ్యలో పొంగి అద్దాన్ని తాకింది, చెమ్మకు అక్కడే అంటుకుంది.

గోరు పెట్టి లాగకండి, ఇంకు అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా కాగితపు కళాఖండాలు బాగుచేసేవాళ్లకు చూపించండి. బెంగళూరులో, వారసత్వ సంపదను కాపాడే సంస్థ ఇంటాక్ (INTACH) వాళ్ల సంరక్షణ కేంద్రం ఉంది.

మళ్లీ కట్టించేటప్పుడు దగ్గరుండి చేయించండి. ప్రింటుకు పైఅంచున మాత్రమే రెండుచోట్ల, జపనీస్ కాగితం (పల్చగా ఉన్నా గట్టిగా ఉండేది) ముక్కలతో, గోధుమ స్టార్చ్ జిగురుతో పట్టు వేయాలి. కిందంచు, పక్కలు వదిలేయాలి. మైదా జిగురు వద్దు, పురుగు పడుతుంది. సెల్లోటేప్ అసలే వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపు రంగు మరకై కాగితంలోకి దిగుతుంది. ముందువైపు యాసిడ్ లేని మౌంట్ బోర్డుకు, అంటే ప్రింటు చుట్టూ వచ్చే మందపాటి అట్టకు, బొమ్మ కనిపించేలా కిటికీ కోయించండి. ప్రింటుకూ అద్దానికీ మధ్య ఎడం ఉంచేది అదే. కింద పెన్సిల్ సంతకం, నంబరు కనిపించేలా అర అంగుళం ఎక్కువ వదలమనండి. వెనక కూడా యాసిడ్ లేని బోర్డే. అద్దం బదులు రంగులు వెలిసిపోయేలా చేసే యూవీ కిరణాలను ఆపే యాక్రిలిక్ షీటు అయితే మంచిది, ఖర్చు మాత్రం ఎక్కువ. పడమటి గోడ సాయంత్రానికి పెనంలా కాలుతుంది. అక్కడా వద్దు, కూలర్ ఎదురుగానూ వద్దు.

పాత ఫ్రేము వెనక, ప్రింటు అసలైనదని చెప్పే సర్టిఫికెట్ అంటించి ఉందేమో చూసుకోండి. హార్డ్‌బోర్డుతో పాటు అది కూడా చెత్తలోకి పోతుంటుంది.

ప్రశ్న: 15/15 కంటే 1/15కి విలువ ఎక్కువా? కొన్నింటి మీద నంబరుకు బదులు ఏపీ అని ఉంటుందెందుకు?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఏపీ అంటే ఇక్కడ ఆర్టిస్ట్ ప్రూఫ్. ఎడిషన్ కాక ఫోటోగ్రాఫర్ తనకోసం ఉంచుకునే కాపీలు. 15కి ఒకటో రెండో అయితే సరే, ఏడెనిమిది ఉన్నాయంటే అనుమానించండి. ఇక నంబరు సంగతి: రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే బొమ్మల్లో రేకు అరిగేది కాబట్టి మొదటి కాపీలకు గిరాకీ. డిజిటల్ ఫైలుకు అరుగుదల లేదు, 1 అయినా 15 అయినా ఒకటే.

అడగాల్సింది వేరే ఉంది. 16×20 అంగుళాల్లో 15, 24×30లో 10 వేస్తే అదే బొమ్మ 25 ఇళ్లలో ఉన్నట్టు. అన్ని సైజులూ కలిపి ఎన్నో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రింటు ఎప్పుడు వేశారన్నదీ ముఖ్యమే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన క్యాప్సికం ఫోటో ‘పెప్పర్ నంబర్ 30’నే చూడండి. ఆయన తన చేత్తో వేసిన ప్రింట్ల ధర వేరు, 1958లో ఆయన పోయాక కొడుకు కోల్ అదే నెగటివ్ నుంచి వేసినవాటి ధర వేరు. మీకిచ్చే సర్టిఫికెట్‌లో ఫోటో తీసిన సంవత్సరం ఒక్కటే ఉంటే, ప్రింటు వేసిన సంవత్సరం కూడా రాయించుకున్నాకే డబ్బు కట్టండి.