బాండ్ ఉందని తిట్లు పడక్కర్లేదు

చెల్లెమ్మా, విజయనగరంలో ఉద్యోగానికి రెండేళ్లు చేస్తానని బాండ్ రాసిచ్చాను, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి, మేనేజరేమో రోజూ అందరి ముందూ తిడుతున్నాడు అన్నావు. చదివితే బాధేసింది.

బాండ్ అసలు చెల్లదని ఎవరైనా అంటే నమ్మకు. 2025లో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు రెండు లక్షల బాండ్‌ని సమర్థించింది. అయితే 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితే, కోర్టు ఇప్పించేది సబబైన పరిహారం. అందుకే నీ శిక్షణకి కంపెనీకి నిజంగా ఎంత ఖర్చయిందో రాతపూర్వకంగా లెక్క అడుగు, నువ్వు పనిచేసిన నెలలకి తగ్గించమను.

ముందుగా తిట్ల తేదీలు, సాక్షులు, మెసేజ్‌లు సొంత ఫోన్‌లో దాచుకుని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. రాజీనామా ఆ తర్వాతే. నోటీసు కాలం పూర్తి చెయ్యి. చెప్పకుండా మానేస్తే తప్పు నీదంటారు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చెయ్యి.