కొండ కోర్సులో డిస్క్ గోల్ఫ్: యాభై దాటినవారు ఆడగలరా?

అక్టోబరులో కాలిఫోర్నియాలో, శాన్‌హోసేలోని మీ అబ్బాయి ఇంటికి వెళ్తున్నారనీ, అతను మిమ్మల్ని శాంటాక్రూజ్ కొండల మీది డెలవీగా డిస్క్ గోల్ఫ్ కోర్సుకు, అంటే ఆ ఆట స్థలానికి, తీసుకువెళ్తానంటున్నాడనీ, గుంటూరులో చదువుకునే రోజుల్లో టెన్నికాయిట్ ఆడడం తప్ప మరే ఆటా ఎరగని మీరు 54 ఏళ్ల వయసులో ఆ కొండ మీద ఆడగలరా అనీ అడిగారు. తప్పకుండా ఆడగలరు. నేను విజయవాడలో భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ని. మా అమ్మాయి కాపురం కూడా శాన్‌హోసేలోనే కావడం వల్ల 2017లోనూ, మళ్లీ 2022లోనూ అదే కోర్సులో ఆడాను. మొదటిసారి వెళ్లేటప్పటికి నా వయసు ఇప్పటి మీ వయసు కంటే ఆరేళ్లు ఎక్కువ. అయితే చదును నేల మీద నేర్చుకున్న ఆటను యథాతథంగా కొండ మీదికి తీసుకువెళ్తే ఏమవుతుందో నాకు అనుభవమే కాబట్టి, కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ఆట పేరే వినని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. బంతికి బదులు 21 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ డిస్కును విసురుతూ, ఇనుప గొలుసులు వేలాడే బుట్టలో అది పడేవరకు ఎన్ని విసుర్లు పట్టాయో లెక్కపెట్టుకోవడమే ఆట. పిల్లలు బీచిలో ఆడుకునే ఫ్రిస్బీ కంటే ఈ డిస్కు చిన్నది, బరువైనది, దాని అంచు పదునైనది. ఫ్రిస్బీలు తయారుచేసిన వామ్-ఓ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సును ఏర్పాటు చేశాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోతపోశారట. కృష్ణలో అస్థికలు కలపడం చూస్తూ పెరిగిన నాకు ఆ సంగతి మొదట వింతగా తోచింది గానీ, ఎవరి పుణ్యనది వారిది అనుకుని ఊరుకున్నాను. మీరు వెళ్లబోయే డెలవీగా కోర్సు 1984లో మొదలైంది. ఓక్ చెట్లు, యూకలిప్టస్ చెట్లు, వాటి మధ్య లోతైన వాగులు, ఆ వాగులను దాటించి విసరవలసిన హోళ్లు (ఒక్కో బుట్ట వరకు సాగే ఆటను ఒక హోల్ అంటారు) ఉన్న కోర్సు అది.

నేను శాన్‌హోసేలో ఇంటి దగ్గరి పార్కులో రెండు వారాలు సాధన చేసి, చేయి తిరిగిందన్న ధీమాతో అక్కడికి వెళ్లాను. మూడో నాలుగో హోల్‌లో అనుకుంటాను, బుట్ట వాగు అంచున ఏటవాలు మీద ఉంది. నా రెండో విసురు బుట్టకు నాలుగు మీటర్ల దూరంలో పడింది. నేను చేతులు పైకెత్తి మా అల్లుడి వైపు తిరిగేలోపే ఆ డిస్కు అంచు మీద లేచి నిలబడి, చిన్నప్పుడు మనం కర్రతో కొట్టి దొర్లించిన సైకిల్ టైరులా నింపాదిగా దొర్లుకుంటూ వాగులోకి దిగిపోయింది. పోయిన డిస్కును వెతకడానికి నియమాల ప్రకారం మూడు నిమిషాలే గడువు. దొరకకపోతే ఒక విసురు జరిమానా వేసుకుని, వెనుకటి చోటి నుంచే మళ్లీ విసరాలి. ఆ హోల్ పార్ 3, అంటే మూడు విసుర్లలో ముగించవలసినది, నాకు తొమ్మిది పట్టాయి. "మావయ్యగారూ, ఇక్కడ డిస్కు ఎక్కడ పడుతుందో చూడకూడదు, ఎక్కడ ఆగుతుందో చూడాలి" అన్నాడు మా అల్లుడు. ఆ రోజు ఆ మాట నాకు కోపం తెప్పించింది గానీ, మీ ప్రశ్నకు నేను ఇవ్వగల జవాబు కూడా అదే.

డిస్కు దొర్లడానికి కారణం అది నేలను తాకే కోణం. డిస్కు తలం వాలు తలానికి దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు అది నేల మీద కొంత జారి ఆగుతుంది. అంచు ముందుగా నేలకు తగిలితే చక్రంగా మారిపోతుంది. కుడిచేతివాటం మనిషి బ్యాక్‌హ్యాండ్‌తో, అంటే అరచేయి తనవైపు ఉండేలా విసిరిన డిస్కు, పైనుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతూ, వేగం తగ్గాక ఎడమకు ఒరుగుతుంది. నేల కూడా ఎడమకు దిగుతున్నట్లయితే రెండు తలాలూ కలిసి అది సుఖంగా దిగుతుంది, మహా అయితే కొంచెం కిందికి జారుతుంది. నేల ఎడమవైపుకు ఎత్తు పెరుగుతున్నట్లయితే మాత్రం ఎడమ అంచు గట్టుకు గుద్దుకుని, లేచి నిలబడి, కుడివైపు పల్లంలోకి దొర్లే ప్రమాదం ఉంటుంది. నాకు జరిగింది సరిగ్గా ఇదే. అందుకని బుట్ట ఏటవాలు మీద ఉన్నప్పుడు నేరుగా దాని మీదికి గురిపెట్టకుండా, దాని చుట్టూ ఉన్న నేలలో కాస్త చదునుగానో, గడ్డిగానో ఉన్న చోటును ఎంచుకుని, అక్కడికి మెల్లగా, తక్కువ వేగంతో చేర్చడం మంచిది. అక్కడి నుంచి బుట్ట పన్నెండు మీటర్లున్నా పరవాలేదు, వాగులో వెతుక్కునే పని తప్పుతుంది.

ఎత్తుకు విసరడం కష్టమనీ, పల్లానికి విసరడం సులువనీ మీరు అనుకుంటూ ఉండవచ్చు. నా అనుభవంలో దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. ఎత్తుకు విసిరినప్పుడు డిస్కు వేగం త్వరగా చచ్చిపోతుంది, అందువల్ల ఎడమకు ఒరగడం కూడా ముందే మొదలవుతుంది. ఒక మీటరు ఎత్తుకు మూడు మీటర్ల దూరం అదనంగా లెక్కవేసుకోవడం ఆటగాళ్లలో ఉన్న మోటు లెక్క, అది నాకు బాగానే పనికొచ్చింది. పైకి విసరాలన్న ఆత్రంలో డిస్కు ముందు అంచును మరీ ఎత్తేస్తే అది గాలిలో గాలిపటంలా ఆగి వెనక్కి జారుతుంది. ఈ ఒక్క తప్పును సరిచేసుకుంటే చాలు, ఎత్తు విసురులో డిస్కు దారి తప్పినా పెద్ద నష్టమేమీ ఉండదు, కళ్ల ముందే పడి ఉంటుంది.

పల్లపు విసురు అలా కాదు. గాలిలో డిస్కు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి చేతిలో జరిగిన చిన్న పొరపాటు కింద పెద్దదవుతుంది. వేగంగా వెళ్తున్న డిస్కు మీద గాలి ఒత్తిడి కేంద్రం దాని మధ్యభాగానికి కాస్త వెనుకగా ఉంటుంది, వేగం తగ్గుతున్నకొద్దీ అది ముందుకు జరుగుతుంది. బొంగరంలా తిరుగుతున్న వస్తువును ముందుకో వెనక్కో వంచాలని చూస్తే అది పక్కకు ఒరుగుతుంది కనుక, వేగంలో కుడికి, నెమ్మదిలో ఎడమకు ఒరగడం డిస్కు సహజ లక్షణం. (తరగతి గదిలో ముప్పై ఏళ్లు బొంగరం గీసి చెప్పిన పాఠం కళ్ల ముందు కొండ దిగుతూ కనిపించినప్పుడు కలిగిన సంతోషం స్కోరు కార్డులో రాసుకోలేనిది.) పల్లానికి విసిరినప్పుడు నెమ్మదించాక కూడా డిస్కు కింద ఇంకా బోలెడంత గాలి ఉంటుంది, అందువల్ల చదును నేల మీద ఐదు మీటర్లు ఎడమకు వెళ్లేది అక్కడ ఇరవై మీటర్లు వెళ్తుంది. కనుక నడుము నుంచి పై శరీరాన్ని వాలుకు తగ్గట్టుగా వంచి, డిస్కు ముందు అంచును వాలు వెంబడే కిందికి చూపిస్తూ, బలాన్ని సగానికి తగ్గించి విసరాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే ఎదురుగాలిలో డిస్కు కుడికి మరింత తిరుగుతుందనీ, వెనుకగాలిలో త్వరగా ఎడమకు కూలుతుందనీ గుర్తుంచుకోండి.

టెన్నికాయిట్ అలవాటు మీకు సగం మేలు చేస్తుంది. రింగు గాలిలో ఊగితే ఫౌల్ అన్న భయంతో మీ మణికట్టు స్థిరత్వం నేర్చుకుని ఉంటుంది, డిస్కుకు కావలసిందీ అదే. కాకపోతే రింగును ఎత్తి పంపే అలవాటు వల్ల మీరు డిస్కు ముందు అంచును కూడా ఎత్తేస్తారు, దాన్ని ప్రయత్నపూర్వకంగా మానుకోవాలి.

దగ్గరి విసుర్ల విషయంలో ఒక నియమం కొండ మీద మనల్ని బాగా పరీక్షిస్తుంది. బుట్టకు పది మీటర్లలోపు నుంచి విసిరినప్పుడు, విసిరాక నిలదొక్కుకున్నట్లు చూపించిన తరువాతే ముందుకు అడుగు వేయాలి. చదును నేల మీద ఇది పట్టించుకోనవసరం లేని నియమం. బుట్ట మన పాదాల కంటే కింద ఉన్నప్పుడు ఒళ్లంతా ముందుకు తూలుతుంది. నేను రెండు పాదాలనూ వాలుకు అడ్డంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి విసరడం అలవాటు చేసుకున్నాను. మరీ ఏటవాలైతే ఒక మోకాలు నేలకు ఆనించి విసిరినా నియమం ఒప్పుకుంటుంది. బుట్ట వెనుక నేల దిగిపోతున్నప్పుడు గట్టిగా విసిరిన పుట్ (బుట్టలో వేయడానికి చేసే దగ్గరి విసురు) తప్పితే తిరుగు విసురు ఇరవై మీటర్ల నుంచి పడుతుంది. అలాంటిచోట బుట్ట పాదం దగ్గర ఆగేలా విసిరి, ఒక విసురును ముందుగానే ఖర్చు రాసుకోవడంలో పిరికితనమేమీ లేదు. మా అల్లుడికి ఇది నచ్చదు, కానీ అతని మోకాళ్లకు ముప్పై నాలుగేళ్లే.

శరీరం సంగతికి వస్తే, ఎక్కడానికి ఊపిరి చాలితే చాలు గానీ దిగడానికి మోకాళ్లు కావాలి. మీకు దగ్గరలోనే మంగళగిరి ఉంది కాబట్టి, వెళ్లేలోపు వారానికి రెండుసార్లు పానకాల స్వామి మెట్లు ఎక్కి, ఆటోలో కాకుండా నడిచే దిగండి. నేను ఇక్కడ గాంధీ కొండ మీద ఆ పని చేశాను. అడుగు భాగం గరుకుగా ఉన్న బూట్లు తప్పనిసరి. పరుగెత్తుకొచ్చి విసరడం కుర్రవాళ్లకు వదిలేసి, నిలబడిన చోటి నుంచే విసరండి. ఎండిన ఆకుల మీద కాలు జారడం నేను కళ్లారా చూశాను.

డిస్కు పొదల్లోకి పోతే చెయ్యి పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. అక్కడ పాయిజన్ ఓక్ అనే మొక్క విపరీతంగా ఉంటుంది, ఒక్కో కాడకు మూడేసి ఆకులతో, మెరుస్తూ, చూడడానికి ఎంతో అమాయకంగా ఉంటుంది. ఇది మన మామిడి, జీడిమామిడి, చాకలివారు బట్టలకు గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి, వీటన్నిటి కుటుంబానికే చెందినది. మామిడి సొన పడి మూతి పొక్కిన అనుభవం మన జిల్లాల్లో ఎవరికి లేదు! ఆ సొనకు పదింతలు ఊహించుకోండి. పొడవు చేతుల చొక్కా వేసుకోండి. అనుమానం వస్తే ఇంటికి రాగానే సబ్బుతో చేతులతోపాటు డిస్కులను కూడా కడగండి, ఎందుకంటే ఆ నూనె వస్తువులకు అంటుకుని కూడా వస్తుంది. నేను చేతులు కడుక్కుని డిస్కులు మరిచిపోయాను. వారం రోజులు ముంజేయి మండింది.

సాధన ఎక్కడ చేయాలన్నారు. 2017లో తిరిగొచ్చాక నేను ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పాత సైకిల్ గొలుసులు, మోటారు రిమ్ము కలిపి ఒక బుట్ట చేయించాను. ఇది దేనికని అడిగిన వెల్డరుకు నేను ఎంత వివరించినా, చివరికి అతను కోళ్లగూడనే ఖాయం చేసుకున్నాడు. దాన్ని ఆగిరిపల్లి దగ్గర కొండ దిగువన ఉన్న మా బావమరిది మామిడి తోటలో వాలు మీద పాతి, కాపు అయిపోయిన నెలల్లో విసురుతూ ఉండేవాణ్ని. "బావా, కాయలు రాల్చడానికి కర్ర చాలదా?" అనేవాడు. మీకు తోట దొరకకపోతే, జనమూ బండ్లూ తిరగని చెరువు కట్ట వాలు చాలు. కట్ట అడుగు నుంచి పైకి ఇరవై విసుర్లు, కట్ట మీది నుంచి కిందికి ఇరవై, కట్ట వెంబడి అడ్డంగా ఇరవై విసిరి, ప్రతిసారీ డిస్కు పడిన చోటికీ ఆగిన చోటికీ మధ్య దూరాన్ని అడుగులతో కొలవండి. ఆ దూరం తగ్గుతోందంటే మీరు సిద్ధమవుతున్నట్లే. వేసవిలో మాత్రం ఎండలో వదిలేసిన డిస్కు మెత్తబడి చేతిలో వంగుతుంది, నీడలో పెట్టుకోండి.

డిస్కుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. దగ్గరి విసుర్లకు ఒక పుట్టర్, మధ్య దూరాలకు ఒక మిడ్‌రేంజ్ ఉంటే చాలు, రెండూ 165 గ్రాములకు మించకుండా, కొట్టొచ్చే రంగుల్లో తీసుకోండి. దూరపు విసుర్లకు వాడే డ్రైవరు అనే డిస్కును దానికి కావలసినంత వేగంతో విసిరే బలం మనకు లేదు కాబట్టి అది మన చేతిలో ఎడమకు కూలడం తప్ప మరేమీ చేయదు.

చివరగా, మీరు ప్రత్యేకంగా అడిగిన 27వ హోల్. దాన్ని టాప్ ఆఫ్ ది వరల్డ్ అంటారు. కొండ కొమ్మున నిలబడితే కింద లోయ, దూరాన మాంటెరే అఖాతం కనిపిస్తాయి, బుట్ట 150 మీటర్లకు పైనే ఉంటుంది. 2017లో అక్కడ డ్రైవరు తీసుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను. "మావయ్యగారూ, సముద్రంలోకి కాదు, బుట్టలోకి" అని మా అల్లుడు అంటూండగానే అది ఎడమకు తిరిగి చెట్లలో కలిసిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. 2022లో మిడ్‌రేంజ్ తీసుకుని, సగం బలంతో, దారి మధ్యలో కనిపించిన ఖాళీ నేల మీదికి విసిరాను, అది కాస్త జారి ఆగింది. రెండో విసురు బుట్టకు ఎగువన చదునుగా ఉన్న చోట నిలిచింది. మూడోది కావాలనే తక్కువ వేసి బుట్ట కిందికి చేర్చాను, నాలుగోది గొలుసుల్లో పడింది. అల్లుడికి ఆ హోల్‌లో ఐదు వచ్చాయి. వెళ్లే ముందు రోజు కోర్సు తెరిచి ఉందో లేదో మీ అబ్బాయిని కనుక్కోమనండి. పొద్దున్నే సముద్రం మీది నుంచి పొగమంచు కమ్ముకుంటే 27వ హోల్ దగ్గర బుట్ట కూడా కనిపించదు, కాబట్టి కాస్త ఎండ వచ్చాకే బయలుదేరండి.