టెక్సాస్‌లో గర్భస్రావం నిషేధం కదా, మరి ఆస్టిన్ నగరం ఏం చేయగలదు?

రాష్ట్ర చట్టాన్ని నగరం రద్దు చేయలేదు. కానీ నగర పోలీసులు, నగర ఖజానా దాని చేతిలోనే ఉంటాయి. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును తీసేసిన నెల తిరక్కుండానే ఆస్టిన్ నగర మండలి ‘గ్రేస్ యాక్ట్’ తీర్మానం చేసింది: గర్భస్రావ కేసుల దర్యాప్తు పోలీసుల పనుల్లో అట్టడుగున ఉండాలి, అలాంటి సమాచార సేకరణకు నగర నిధులు వాడొద్దు. టెక్సాస్ చట్టం శిక్షించేది గర్భిణిని కాదు, డాక్టరును. అయినా భయపడి ఆస్పత్రి గడప తొక్కని ఆడవాళ్లకు ఇది చిన్న ఊరట కాదని నా నమ్మకం.

2024లో గర్భస్రావం కోసం వేరే రాష్ట్రాలకు వెళ్లేవారి ప్రయాణ ఖర్చులకు నగరం 4 లక్షల డాలర్లు కేటాయించింది. రాష్ట్రం కోర్టుకెక్కింది; 2025లో అలాంటి ఖర్చునే నిషేధిస్తూ చట్టం తెచ్చింది.