డాక్టర్ సలహా: చేప సంగతి సరే, చెంప మీద ఆ వాపు మాటేమిటి?

ప్రశ్న: మాది కొల్లేటి పక్క ఊరు. మావారు కాలవల్లో పట్టిన కొర్రమీనులు తెస్తుంటారు. ఈమధ్య కొన్నిటికి వెన్నుముల్లు వంకరగా ఉంటోంది, పొట్ట కోస్తే ఎర్రటి పురుగులు కనిపిస్తున్నాయి. తినొచ్చా? ఆయన స్నేహితులతో గట్టు మీదే చేపలు కాల్చుకుని తింటారు. నెల రోజులుగా ఆయన ఒంటి మీద వాపు ఒకచోట తగ్గి ఇంకోచోట తేలుతోంది. ఇప్పుడు చెంప మీదకు వచ్చింది. మెడికల్ షాపులో నులిపురుగుల మాత్ర తెచ్చి రెండుసార్లు వేశాను.
– ఓ పాఠకురాలు, ఏలూరు జిల్లా

జవాబు: అసలు విషయం చివర్లో రాశారమ్మా. ఇలా చోటు మార్చే వాపు అలర్జీ వల్ల కావచ్చు. కానీ సగం కాలిన కొర్రమీను తినే మనిషి అంటున్నారు కాబట్టి నాథోస్టోమా అనే పురుగునూ అనుమానించాలి. థాయ్‌లాండ్‌లో ఎక్కువ. మన దేశంలో అరుదే అయినా కేసులున్నాయి. దీని పిల్లపురుగు చర్మం కింద తిరుగుతుంది. కంట్లోకో మెదడులోకో వెళితే ప్రమాదం. చెంప దాకా వచ్చిందంటే ఆలస్యం వద్దు, రేపే ఫిజీషియన్‌కు చూపించండి. చూపు మసకబారినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు ఉన్నా ఈ రాత్రికే ఆసుపత్రికి వెళ్లండి. రక్తపరీక్షలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) పెరిగాయేమో చూస్తారు. అవి మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు.

ఇక ఆ మాత్రలు. షాపులో ఇచ్చింది ఆల్బెండజోలే అయ్యుంటుంది. ఈ జబ్బుకూ వాడతాం, కానీ వారాల తరబడి, కన్ను, మెదడు సంగతి చూసుకున్నాకే. ఒకటీ రెండూ మింగితే నయం కాదు సరికదా, లోపలున్న పురుగు కదిలి పైకి రావచ్చు. ఇంటింటికీ ఈ మాత్ర అలవాటైపోయింది, చాక్లెట్ కొన్నట్టు కొంటున్నారు! మోతాదు ఇక్కడ రాయను, రాస్తే మళ్లీ షాపుకే వెళతారు. వేసిన మాత్రల అట్ట డాక్టరుకు చూపించండి.

చేప విషయానికొస్తే, పొట్టలో కనబడే పురుగులు పేగులతోపాటు చాలావరకు పోతాయి. నన్ను భయపెట్టేవి కండలో చుట్ట చుట్టుకున్న మూడు నాలుగు మిల్లీమీటర్లవి. వాటిని కంటితో పట్టుకోవడం కష్టం. నిమ్మరసం, ఉప్పూకారం పట్టిస్తే చావవు. పక్కన మందు తాగినా చావవు (ఈ నమ్మకం గట్ల మీద బాగానే ఉంది). ముక్క లోపలిదాకా ఉడకాలి. పులుసులో తెర్లిన ముక్కకు భయం లేదు. నిప్పుల మీద పైన మాడి లోపల పచ్చిగా ఉన్నదానితోనే చిక్కు.

వెన్ను వంకర మనకు అంటుకోదు. దెబ్బ, పోషకలోపం, పరాన్నజీవులు, పురుగుమందులు, లోహాలు కలిసిన నీళ్లు, ఏదైనా కారణం కావచ్చు. లోహాలు ఉడికించినా పోవు. ఒకేచోట పట్టినవాటిలో చాలా చేపలు అలాగే ఉంటే తినడం ఆపి మత్స్యశాఖ వాళ్లకు చెప్పండి.

గట్టు మీద ఆయనతో కలిసి తిన్నవాళ్లలో ఇంకెవరికైనా ఇలాంటి వాపు వచ్చిందేమో అడగండి. ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.